ఇల్లుబండిని ముంచింది నేనే

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. పలకడానికి ఒక్క గుక్క కూడా పట్టలేదు. నన్నెరిగిన వాళ్లెవరికీ దాన్ని చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఆయన కొత్తగూడెంలో మెకానిక్. నేను బడిలో టీచర్ని. ఆ తేడాను పెళ్లయిన నాటి నుంచి నేను మరిచిపోలేదు, ఆయనను మరిచిపోనివ్వలేదు. గోళ్ల సందుల్లో గ్రీజుతోనే అన్నం కలుపుకునేవాడు. నలుగురిలో పగలబడి నవ్వేవాడు. నాకు రోత పుట్టేది. రోత అనేది పెద్ద మాటేమో? కాదు. సరైన మాటే.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులవి. ఆయన ఒక పాత అంబులెన్స్ వ్యాను కొన్నాడు. ఏడాదంతా కష్టపడి దాన్ని ఇల్లుగా మార్చాడు. మడిచే మంచాలు, గ్యాస్ పొయ్యి, టాపు మీద నీళ్ల డ్రమ్ము, లోపల ఒక నల్లా. నా పాత చీర కోసి కిటికీలకు కర్టెన్లు కుట్టించాడు. నీలం రంగు వేసి ఇల్లుబండి అని పేరు పెట్టాడు. ఎంత కడిగినా అందులో దవాఖానా వాసన పోలేదు. ఇందులో ఎంతమంది చచ్చారో అని ఒకరోజు ఈసడించుకున్నాను.

"బతికి ఇంటికి పోయినోళ్లు గూడ ఉంటరు గదనే" అన్నాడు.

అలాంటి మనిషిని ఏం చేయాలి?

ఆయన అప్పటిదాకా గోదావరిని మించిన నీళ్లు చూడలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆ బండిలో బాపట్ల దగ్గరి సముద్రానికి బయలుదేరదీశాడు. మా తమ్ముడూ వాడి భార్యా కారులో వచ్చి రిసార్టులో ఏసీ గది తీసుకున్నారు. మేం బండిలో దిగాం. మా మరదలు నల్ల కళ్లద్దాలు పైకెత్తి, "వదినా, మీరు నిజంగ దీంట్లనే పండుకుంటరా?" అంది. ఏం మనిషి! ఏసీ గది దొరికితే చాలు, స్వర్గంలో దిగినట్టే అనుకునే రకం. అయినా ఆ చూపుకు నేను చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున ఆయన బనీనుతో, లుంగీతో, ఆ వచ్చేపోయే వాళ్లందరి మధ్య పొయ్యి వెలిగించి ఉప్మా చేశాడు. రిసార్టులో దిగిన ఒకాయన వచ్చి ప్లేటు ఇడ్లీ ఎంత అని అడిగాడు. మా ఆయన నవ్వి, ఇడ్లీ లేదని చెప్పి ఆయనకింత ఉప్మా పెట్టాడు. ఆ పెద్దమనిషి నిలబడి తిని, చెయ్యి కడుక్కుని వెళ్లాడు. మరదలు బాల్కనీలోంచి చూస్తోంది.

మధ్యాహ్నం బండిని నీళ్లకు దగ్గరగా తీసుకెళతానన్నాడు. పడుకుంటే అలలు కనబడాలట. స్టీరింగు దగ్గర కూర్చుని, "జర ఎవర్నన్న అడిగి రా, నీళ్లు ఆడిదాంక వస్తయేమో" అన్నాడు.

మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెను అడిగాను.

"అమ్మో, అక్కడ పెట్టకండమ్మా. ఇయ్యాల పున్నమి. చీకటి పడేసరికి పోటు వచ్చేస్తది. చక్రాలు ఇసకలో దిగిపోతే ఇంక రావు."

వెనక్కి నడిచాను. ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తున్నాడు.

"ఏమన్నది?"

"ఏం కాదంట. పెట్టు."

ఎందుకన్నాను? కాస్త తడిస్తే బుద్ధి వస్తుందనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మునగాలనే అనుకున్నాను. ఆ నీలం రంగు, ఆ నల్లా, ఆ నవ్వు, అన్నీ అందరి ముందూ మునగాలి. సాయంత్రం తమ్ముడి గదిలో టీ తాగుతుంటే ఆయన బండి చూసొస్తానని లేవబోయిన ప్రతిసారీ, మర్యాద కాదని కళ్లతోనే కూర్చోబెట్టాను.

కేకలు విని పరుగెత్తేసరికి చక్రాలు కనబడటం లేదు. అలలు తలుపుల్ని బాదుతున్నాయి. ఆయన నడుములోతు నీళ్లలో దిగి, ఒక్కడే, వెనకనుంచి భుజంతో నెడుతున్నాడు. రిసార్టు వాళ్లంతా గట్టున చేరారు. కొందరు నవ్వారు. ఎవరో ఫోటో తీశారు. పొద్దున ఉప్మా తిన్నాయన కూడా ఉన్నాడు. చేతులు కట్టుకుని చూశాడు.

తెల్లారాక ట్రాక్టరు పెట్టి లాగారు. ఇంజన్ నిండా ఉప్పునీళ్లు, ఇసుక. తమ్ముడు నొసలు చిట్లించి, "ఎవర్నన్న అడిగి పెట్టొద్దా బావా?" అన్నాడు.

ఆయన నా వైపు చూశాడు. నేనేదో తప్పుగా విన్నాననుకున్నాడు పాపం. నన్ను మాట పడనివ్వకూడదనుకున్నాడు.

"మీ అక్క వద్దనే అన్నది. నేనే ఇనలే."

అప్పుడు నాకు సిగ్గు వేసిందని రాస్తే మీకు నచ్చుతుంది. వేయలేదు. కనీసం నా మీద అరవడం కూడా చేతకాదా వీడికి అనుకున్నాను.

బండిని అక్కడే పాత ఇనుముకు ఇచ్చేశాడు. రైల్లో ఖమ్మం దాకా, అక్కడినుంచి బస్సులో, ఆ గ్యాస్ పొయ్యిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత తనకోసమంటూ ఏదీ తయారు చేసుకోలేదు. ప్రతిదానికీ నన్నే అడుగుతాడు. మేకు ఎక్కడ కొట్టాలో కూడా. "నాకు తెల్వదు, నువ్వే చెప్పు" అంటాడు.

ఏ పెళ్లిలో కలిసినా తమ్ముడు ఆ కథే చెబుతాడు. బావ బండికి సముద్రస్నానం చేయించాడని. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. నేను వద్దన్నా తను విననందుకు తగిన శాస్తి జరిగిందంటాడు. అప్పుడు ఆడవాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. తెలివైన ఇల్లాలట. ఆ మెప్పును నేను తలవంచి, సిగ్గుపడుతున్నట్టు నటించి, ప్రతిసారీ తీసుకున్నాను. రోత అన్నానే ఇందాక, ఆ మాట వాడాల్సింది ఎవరి మీద?

ఇప్పుడు ఆయన కూరగాయలకు వెళ్లాడు. ఏం తేవాలో నన్నడిగే వెళ్లాడు. ఇది ఆయనకు చెప్పను. చెబితే క్షమిస్తాడు, అదీ వెంటనే. అంత తేలిగ్గా క్షమించినందుకు ఆయన్ని నేను మళ్లీ చిన్నచూపు చూస్తాను. నాకు నేను బాగా తెలుసు.

ఆయన అడిగాడు. నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను. ఈ మాటల్ని ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను.