బాత్‌టబ్‌లో బంగారు తీగ

మొన్న శనివారం ఇండియన్ స్టోర్స్ నుంచి వస్తుంటే, నోవైలో మా పాత లేక్ పక్క రోడ్డు మూసేసి డీటూర్ పెట్టారు. నీళ్ళ మధ్యలో ఒండ్రు తోడే పడవ ఒకటి నిలబడి, లావుపాటి గొట్టంలోంచి నల్లటి బురదని ఒడ్డుకి కక్కుతోంది. "విండో ఎత్తండి, కంపు," అంది మా ఆవిడ. నేను ఎత్తలేదు. ఆ కంపు నాకు కొత్త కాదు. ఒకప్పుడు మా అన్నయ్య బట్టల్లో, కారు డిక్కీలో, చివరికి వదిన తువ్వాళ్ళలో కూడా అదే ఉండేది.

అన్నయ్యంటే మా పెద్దనాన్న కొడుకు. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నేను వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే దిగాను. మంచు కరిగి రోడ్ల పక్కన కాస్త మట్టి కనబడిందంటే చాలు, అన్నయ్యకి కాలు నిలిచేది కాదు. గోధుమపిండిలో ఉడికించిన మొక్కజొన్న మెదిపి, ఇంత ఇంగువ దట్టించి ఎరకి ఉండలు చుట్టేవాడు. సాంబారులోకి లేని ఇంగువ చేపలకెలా వచ్చిందని వదిన డబ్బా దాచేసేది, అన్నయ్య వెతికి తీసేవాడు. ఆ లేక్ ఒడ్డున అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడిపోయేది. నా షూ ఒకటి అందులోనే ఉండిపోయింది, ఈ తోడేవాళ్ళకి ఈపాటికి దొరికే ఉంటుంది. బురదలో మూతి పెట్టి బంగారు తీగ చేప మేస్తుంటే పైకి సన్నసన్నటి బుడగలు వచ్చేవి. ఇక్కడివాళ్ళు దాన్ని కార్ప్ అంటారు. దారం కదలగానే నేను లాగేసేవాణ్ణి, ఖాళీ గాలం వచ్చేది. "తొందరపడకురా," అనేవాడు అన్నయ్య. "అది నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించుకుంటుంది. ఆలోచించుకోనీ."

అటుగా నడకకి వచ్చిన తెల్లవాళ్ళు బకెట్‌లోకి తొంగిచూసి, దీన్ని తింటారా అని మొహం అదోలా పెట్టేవారు. అన్నయ్య ఏమాత్రం తగ్గేవాడు కాదు. "బెస్ట్ ఫిష్ ఇన్ దిస్ లేక్, సర్," అని చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. ఒకసారి మెంతులకి ఇంగ్లీషు మాట తట్టక, కుక్కని పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన్ని ఎండలో నిలబెట్టేశాడు. ఆయనకంటే ముందు కుక్కకే విసుగొచ్చింది. పట్టిన చేపకి బురద వాసన పోవాలి కదా, అందుకని ఇంటికి తెచ్చి బాత్‌టబ్‌లో మంచినీళ్ళు పట్టి వదిలేవాళ్ళం. అది అందులో రాజాలా తిరుగుతుంటే మేం ముగ్గురం వంతులవారీగా పక్కన నిలబడి బకెట్ స్నానాలు చేసేవాళ్ళం. నీళ్ళు మార్చడం నా డ్యూటీ. "ఈ ఇంట్లో అద్దె లేకుండా ఉంటున్నది నువ్వూ, అదీను," అని వదిన ఏడిపించేది. ఆ పులుసు మర్నాటికి ఇంకా బాగుండేది. అంత సుఖంగా నేను మళ్ళీ ఏ ఇంట్లోనూ లేను, నా సొంత ఇంట్లో కూడా.

తర్వాత అన్నయ్య కంపెనీలో డైరెక్టరయ్యాడు. అదే లేక్‌కి అవతలి ఒడ్డున వెనక చెక్క డెక్, నీళ్ళలోకి పడవ కట్టుకునే డాక్ ఉన్న ఇల్లు కొన్నాడు. ఇక పెరట్లోంచే గాలం వేసుకోవచ్చని అందరికంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. మొదటి వేసవిలో వాళ్ళ పార్టీకి ముందు వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్యకి నోరు చచ్చిపోయిందయ్యా, ఆ పులుసు చేసి తేకూడదూ," అంది. మా పాత ఒడ్డు మీద కూర్చుని పట్టి, నా టబ్‌లోనే ఉంచి, వదిన నేర్పినట్టే వండి తీసుకెళ్ళాను. పక్కింటావిడ, రిటైరైన టీచర్, రెండోసారి వడ్డించుకుని, ఇంత బాగుంది, ఇదేం చేప అని అడిగింది. అన్నయ్య నోట్లో ముద్ద ఉంది. నమిలాడు. నావైపు చూశాడు. అవతల నీళ్ళవైపు చూశాడు. "సాల్మన్," అన్నాడు. "వైల్డ్ సాల్మన్."

వదిన ప్లేట్లోకి తల దించుకుంది. పక్కింటావిడ నన్ను మెచ్చుకుని రెసిపీ అడిగింది. నేను సాల్మన్ పులుసు రెసిపీ చెప్పాను.

గిన్నె కడుక్కుంటుంటే అన్నయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఏమనుకోకురా. వీళ్ళకి అది ట్రాష్ ఫిష్, చెత్త చేప. లేక్ చుట్టూ ఇళ్ళవాళ్ళ అసోసియేషన్‌లో ఉన్నాను కదా."

"బాగుందనేగా అడిగింది అన్నయ్యా?"

"అందుకే చెప్పలేకపోయాను."

మరుసటి ఏడాది లేక్ అసోసియేషన్‌వాళ్ళు, కార్ప్ అడుగు తవ్వేసి నీళ్ళు మురికి చేస్తున్నాయి, వాటిని తీసేస్తే లేక్ తేటపడుతుందని తీర్మానించారు. ప్రతిపాదించింది అన్నయ్యే అని వదిన చెప్పింది. వలలు వేసిన రోజు నేను మా పాత ఒడ్డున ఉన్నాను. పొలుసులు ఎండకి మెరుస్తుంటే ఇంతింత చేపల్ని, బతికున్నవాటిని, పారలతో ట్రక్కులోకి ఎత్తారు. ఎరువుకట. అవతలి ఒడ్డున అన్నయ్య శుభ్రమైన జాకెట్ వేసుకుని నిలబడి, నన్ను చూసి, దారిలో కనిపించిన మనిషికి ఊపినట్టు చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. అప్పట్నుంచీ ఫంక్షన్లలో ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నాను," అంతే. మేం తిన్న చేపని కాదన్నందుకు కాదు నా కోపం. దాంతోపాటు ఆ అపార్ట్‌మెంట్‌ని, ఆ టబ్‌ని, నీళ్ళు మార్చిన నన్ను కూడా కాదన్నాడు.

ఇన్నేళ్ళకి ఇదిగో, మళ్ళీ బురద తోడుతున్నారు. తవ్వడానికి ఒక్క బంగారు తీగ కూడా లేకపోయినా నీళ్ళు నల్లగానే ఉన్నాయి. డీటూర్ మలుపు దగ్గర కారు ఆగినప్పుడు వాళ్ళింటి డెక్ మీద అన్నయ్య కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. రెయిలింగ్ పట్టుకుని ఒక్కడే ఆ గొట్టం వైపు చూస్తున్నాడు. మా ఆవిడ చూసింది. "దిగి ఒకసారి పలకరించి వద్దామా?" అంది.

"తొందరేముంది," అన్నాను. వెనక కారు హారన్ కొట్టింది, పోనిచ్చాను. తొందరపడకూడదని నాకు నేర్పింది అన్నయ్యే. ఆ ఒడ్డున తనూ, ఈ ఒడ్డున నేనూ ఆలోచించుకుంటూ ఉండగానే మా ఇద్దరికీ వయసైపోయింది.