కొత్తనీటి వాగులో వేయించిన వల

మీకు అన్నం వడ్డిస్తున్న మనిషి మీ ప్రశ్నకు బదులు చెప్పకపోతే, దాన్ని మీరు ఏమని అర్థం చేసుకుంటారు? ఒప్పుకున్నాడనా? నేను అలాగే అనుకున్నాను. కాలేజీ వక్తృత్వ పోటీల్లో నేను నేర్చిన నియమం అదే: అవతలి పక్షం జవాబివ్వని అంశం మనం గెలిచిన అంశం. కరీంనగర్‌లో డిగ్రీ చదివిన కాలమంతా ఆ నియమం నాకు బహుమతులు తెచ్చిపెట్టింది. పోయిన వానకాలం అదే నియమం ఒక మనిషిని అతని పడవ నుంచి దింపేసింది.

మా పెద్దబాపు, నాన్నకు అన్న, గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. దావత్ ముగిసింది, కప్పిన శాలువాలు బీరువాలోకి వెళ్లాయి. ఆ తర్వాత షిఫ్టు లేని పొద్దును ఏం చేసుకోవాలో తెలియక, క్వార్టరు ముందు కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. తొలివానలు పడ్డాక ఒకనాడు, కొత్తనీళ్ల గుడ్ల చేప తిని ఎన్నేళ్లయిందో అన్నాడు. ఆయన రిటైరయ్యాక నోరు తెరిచి కోరిన మొదటి కోరిక అది. ఒకప్పుడు ఆయనతోపాటు బాయిలో కాంట్రాక్టు కూలీగా చేసి, భూమి కింద ఇమడలేక సొంత ఊరికి తిరిగిపోయి చేపలు పట్టుకుంటున్న స్నేహితుడొకడు ఉన్నాడు. నేను కాకా అని పిలుస్తాను. జన్నారం అడవి దాటాక, గుట్టల నడుమ, పెద్ద జలాశయం ఒడ్డున ఉన్న చిన్న ఊరు అతనిది. పెద్దబాపుకు తోడుగా నేను బయలుదేరాను.

టేకుచెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. బస్సు చివరి మలుపు దిగగానే గుట్టల మొదళ్ల దాకా పరుచుకున్న ఎర్రటి నీళ్లు కనిపించాయి. ఊరంతా కలిపి ఒకటే వీధి. తడిసిన టార్పాలిన్ల కింద మిర్చి బజ్జీల పొయ్యిలు, రోడ్డు మధ్యలో కదలని ఆవులు. నడుస్తూ నేను గమనించిందల్లా ఒక్కటే: ప్రతి ఇంటి చూరుకూ వల మడిచి కట్టి ఉంది, దాని ముడికి పసుపు పూసి ఉంది. అందంగా ఉందనుకుని ఫోను తీసి ఫొటోలు తీసుకున్నాను. ఎందుకని ఎవరినీ అడగలేదు. అంతటా ప్రశ్నలు వేసే నేను, వేయవలసిన ఆ ఒక్క ప్రశ్న వేయలేదు.

మధ్యాహ్నం కాకా భార్య, చిన్నమ్మ, మాకు చింతచిగురు వేసిన ఎండుచేపల కూర వడ్డించింది. పెద్దబాపు కంచంలోకి చూసి నవ్వాడు.

"నీళ్ల ఒడ్డుకచ్చి ఎండుచేపలు తినాల్నా తమ్మీ?"

"ఇన్నేండ్లు బొగ్గు బుక్కిన నోటికి ఎండుచేప చేదయిందా బావా?" అని చిన్నమ్మ వెంటనే చురక అంటించింది.

అందరం నవ్వాం. నవ్వు ఆగాక కాకా నెమ్మదిగా చెప్పాడు: "కొత్తనీళ్లు దిగినయ్ అన్నా. తల్లులు వాగు ఎక్కుతున్నయ్. గవి గుడ్లు పెట్టి దిగచ్చేదాక మేం వల ముట్టం." పట్టినవాడికి ఏమవుతుందో చిన్నమ్మ చెప్పింది: వచ్చే వానల దాకా అతన్ని ఎవరూ పడవ ఎక్కనివ్వరు. ఆ ఇంటికి పడవ తప్ప వేరే ఆధారం లేదు. ఇది మేం కంచాల ముందు కూర్చుని, స్పష్టంగా విన్న మాట. తర్వాత తెలిసిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

పెద్దబాపు ముఖం చిన్నబోయింది. అది చూసి నేను అందుకున్నాను. ఈ కట్టుబాటు ఎక్కడ రాసి ఉందని కాకాను అడిగాను. నీళ్లు అందరివీ అయినప్పుడు కొందరు పెద్దలు ఎవరి అధికారంతో ఒక మనిషి పనిని ఆపుతారని అడిగాను. ఒక్క బుట్ట చేపలతో ఇంత జలాశయం తరిగిపోతుందా అనీ అడిగాను. గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు. అలాంటి వాదన ఎంత పదునుగా దిగుతుందో నాకు బాగా తెలుసు. చిన్నమ్మ ఏదో అనబోతే కాకా కళ్లతోనే వద్దన్నాడు. నా కంచంలో ఇంకో ముద్ద అన్నం పెట్టి, "నీ బిడ్డ వకీలైతది అన్నా" అన్నాడు. పెద్దబాపు గర్వంగా తలూపాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ ఇంట్లో అన్నం తింటున్న చుట్టానికి ఎదురు మాట్లాడరు. ఆ మౌనానికి అంతకుమించిన అర్థం లేదు.

పొద్దు వాలుతుండగా కాకా చూరు నుంచి వల దించాడు. చిన్నమ్మ గడపలో నిలబడి ఒక్క మాట అంది: "సుట్టాలు అడిగిన్రని పోతున్నవ్. సుట్టాలు రేపు పోతరు." ఆ మాట నేను విన్నాను. అప్పటికైనా లేచి వల పట్టుకుని ఆపవచ్చు. నా మాటతో అతని మనసు మారిందని లోలోపల సంతోషపడుతూ అరుగు మీదే కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు అతను తిరిగి వచ్చాడు. బుట్టలో టేకాకుల కింద రెండు రవ్వ చేపలు, పొట్టలు ఉబ్బి, ఇంకా కొట్టుకుంటున్నాయి. చిన్నమ్మ కోసింది, కూర చేసింది, మాకు వడ్డించింది. వాళ్లిద్దరూ మాత్రం మధ్యాహ్నపు ఎండుచేపల కూరే వేసుకున్నారు. వేసుకోమని పెద్దబాపు బతిమాలితే కాకా తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత పెద్దబాపు కూడా సరిగా తినలేదు. పచ్చిచేప ఉడికే వాసన వాడంతా కమ్ముకుంది. పక్కింటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపులు మూసుకోవడం వినిపించింది.

తెల్లవారాక జలాశయం కట్ట మీదికి ఊరి పెద్దల పిలుపు వచ్చింది. నేను వచ్చి మాట్లాడతానన్నాను. కాకా చెప్పులు ఇంటి దగ్గరే విడుస్తూ, "వద్దు బిడ్డా. నిన్న మాట్లాడినవు గద" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కట్ట మీద కూర్చున్న పెద్దమనిషి వల ఎందుకు వేశావని అడిగాడు. "నా పానం కోరింది" అన్నాడు కాకా. మా పేరు ఎత్తలేదు. పెద్దబాపు ఆగలేక ముందుకు వచ్చి, అడిగింది తానేనని, శిక్ష ఏదైనా తనకే వేయమని చెప్పాడు. పెద్దమనిషి ఆయనను కూర్చోమన్నాడు.

"సుట్టం అడుగుతడు. గది తప్పు కాదు. ఎయ్యకుండ ఉండవలసింది మేం."

తీర్పు అంతే. వచ్చే వానల దాకా కాకాకు పడవ లేదు. అడిగింది పెద్దబాపు అయినా, అడ్డుగా ఉన్న ఒక్కొక్క మాటనూ తొలగించింది నేను. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా నియమం ప్రకారమే చూసినా, నా మౌనానికి అర్థం తప్పు ఒప్పుకోవడమే. కానీ ఆ కట్ట మీద నా ఒప్పుకోలు ఎవరికీ అక్కరకు రాలేదు.

ఇప్పుడు కాకా ఆసిఫాబాద్ వైపు పత్తి చేలలో కూలికి పోతున్నాడు. పెద్దబాపు ఫోను చేస్తే, చుట్టాల మంచిచెడ్డలు అడిగినట్టే అడుగుతాడు, నా గురించి కూడా అడుగుతాడు: వకీలు చదువు ఎక్కడిదాకా వచ్చిందని. నేను ఫోను అందుకోను. పక్క గదిలో నిలబడి స్పీకరులో వింటాను. అవతల చిన్నమ్మ గొంతు మాత్రం ఒక్కసారీ వినిపించలేదు.

మళ్లీ మబ్బులు పడుతున్నాయి. మీలో కొందరు సెలవు చూసుకుని గుట్టల నడుమ నీళ్లున్న ఊళ్లకు బయలుదేరుతారు. వెళ్లండి. చూరుకు వల కట్టి కనిపిస్తే ఫొటో తీయకముందే ఎందుకు కట్టారో అడగండి. గుడ్ల చేప మాత్రం అడగకండి. ఎండుచేప వడ్డిస్తే అదే తిని, బాగుందని చెప్పండి. మీరు అడిగిన దానికి ఆ ఇంటి మనిషి తల దించుకుని మీ కంచంలో ఇంకో ముద్ద పెడితే, దయచేసి అక్కడితో ఆగండి.