నీలం సీసాలో షాంపూ

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. మొదట దిద్దించింది 'శ్రీ'. కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా దాని మీద ఎక్కడో ఒకచోట ఆ అక్షరం రాసుకోవడం నాకు అప్పటినుంచీ అలవాటు. ఒక్కసారి మాత్రం దాన్ని అబద్ధం మీద రాశాను. అప్పుడు పడ్డ భయం నన్ను ఇంకా వదల్లేదు.

మాది రాజాం దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. అత్తమామలు, మేమిద్దరం, మరిది, తోడికోడలు, వాళ్ళ ఆరేళ్ళ పాప. అందరికీ స్నానాల గది ఒక్కటే, సబ్బూ ఒక్కటే. పొద్దున్న కొత్తది పెడితే సాయంత్రానికి నీళ్ళలో నాని, ఎవరిదో వెంట్రుక చుట్టుకుని, గచ్చుకి అతుక్కుని ఉంటుంది. పేస్టు అయిపోవస్తే అత్తగారు ట్యూబుని కత్తెరతో చీల్చి లోపలిది వేలితో గీస్తారు. షాంపూ సంగతి మరీను. "ఒక పేకెట్టు సెంబుడు నీల్లల్లో కలిపితే ఇద్దరి తలలకి సరిపోద్ది" అన్నది ఆవిడ శాసనం. చెంబులో చెయ్యి పెట్టి గిలక్కొట్టి, నురగ లేచాకే నెత్తిన పోసుకోవాలి. పాపకి కూడా అదే నేర్పారు. ఆ పల్చటి నీళ్ళు ఏ మూలకని నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని.

ఆ మధ్య జ్వరం వచ్చి తగ్గాక నా జుట్టు పిడికెళ్ళకొద్దీ ఊడింది. డాక్టరు ఒక షాంపూ రాశాడు. తెచ్చిన సీసా వారం తిరక్కుండా ఖాళీ. మరిది దానితో మోటారు సైకిల్ కూడా కడిగాడని తర్వాత తెలిసింది. రెండో సీసా తెచ్చి, అందులోది ఖాళీ అయిన నీలం ఫినాయిల్ సీసాలో పోసి, చీపురు పక్కన పెట్టేశాను. గుర్తుకి అడుగున మేకుతో 'శ్రీ' అని గీశాను. ఎంత కడిగినా ఆ మూతకి ఫినాయిల్ వాసన పోలేదు. పోకపోతేనేం, నా వస్తువు నాకు మిగిలిందని సంతోషించాను.

ఒక రోజు సబ్బుతో రుద్దిన జుట్టు చిక్కుపడి పాప ఏడుస్తుంటే జాలేసి ఆ సీసా తీశాను.

"పెద్దమ్మా, అది ఫినాయిల్ కాదేటి?"

"కాదమ్మా, షాంపూ. మనిద్దరికే. ఎవులికీ సెప్పకేం?"

అది రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వింది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం. మర్నాడు చీకటితోనే అందరం శ్రీముఖలింగం గుడికి వెళ్ళాలి. ఎండ ఉండగానే పాపకి తలంటుతానన్నారు అత్తగారు. మిగతావాళ్ళు కోతలకి వెళ్ళారు. నేను ఇంటికి సబ్బులు తేవడానికి రాజాం బజారుకి వెళ్ళాను.

"ఫినాయిల్ వద్దేటమ్మా?" అన్నాడు షాపతను.

"వద్దు బాబూ. నిన్న సైకిలాయనొస్తే మా అత్త సీసా నిండా పోయించీసింది."

అన్నాక ఆ మాట నాకే వినబడింది. ఆ సైకిలాయన అమ్మేది చిక్కటి విడి ఫినాయిల్. ఎవరి సీసా వాళ్ళే పట్టుకెళ్ళాలి. మా ఇంట్లో నీలం సీసాలు రెండు, ఒకటి ఫినాయిల్‌ది, ఒకటి నాది. పొద్దున్న రెండూ పక్కపక్కనే ఉండడం చూశాను. నాది ఏదో అడుగు చూసి తీసుకోవాలి అనుకున్నాను తప్ప, పాప అడుగు చూడదన్న ఆలోచనే రాలేదు. నీలం సీసాలో ఉండేది షాంపూ అని దానికి నేర్పింది నేను. వాసనకి ఆగుతుందా అంటే, మన షాంపూ వాసనే అంత అనుకుంటుంది.

అత్తగారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. సబ్బుల సంచి అక్కడే వదిలేసి ఆటోల దగ్గరికి పరుగెత్తాను.

"ఇంకొక్కలు రావాలమ్మా, ఎల్పోదుము" అన్నాడు డ్రైవరు.

"ఆ ఒక్కలూ నానే అనుకో నాయనా. పిల్ల కల్లు పోతాయి, పోనీ!"

అతను వెంటనే బండి తీశాడు. పక్కనున్న చేపల బుట్ట ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిగేదాకా వదల్లేదు. ఇద్దరి పేర్లూ నాకు తెలియవు. దీపం పెట్టినప్పుడల్లా ఇద్దరినీ తలుచుకుంటాను. దారి పొడుగునా నా నోట ఒకటే మాట: "ముఖలింగేశ్వరా, ఈ జుట్టంతా నువ్వు తీసుకో. దాని కళ్ళు దానికి వదిలెయ్యి."

ఇంటి అరుగు మీద అత్తగారి ఒళ్ళో పాప పడుకుని ఉంది. తల చుట్టూ తువ్వాలు, కళ్ళు మూసి ఉన్నాయి. రెప్పలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పరుగున వెళ్ళి దాని మీదికి వంగాను.

"కళ్ళు తెరువు తల్లీ" అన్నాను.

పాప కళ్ళు తెరిచి నన్నే చూసింది. "పెద్దమ్మా, మన షాంపూ పాలైపోనాది" అని మళ్ళీ ఏడుపు లంకించుకుంది.

"నాను పొయ్యి కాడుంటే ముందెల్లిపోనాది" అన్నారు అత్తగారు. "సెంబులో ఇంత పోసి గిలక్కొడతంటే తెల్లగా ఇరిగిపోనాదట గాని నురగ రానేదట. 'మామ్మా, నురగ రాదేటి' అని సెంబట్టుకుని నా కాడికొచ్చీసినాది. వాసన సూసి ఈపు మీద ఒకటిచ్చినాను. అందుకే ఆ ఏడుపు. సెయ్యి మూడుసార్లు కడిగీసి, నానే తలంటీసినాను. ఫోనేటో మోగుతానే ఉన్నాది, ఎవులు తీస్తారు?"

నేను విసుక్కున్న ఆ చెంబుడు నీళ్ళే దాన్ని కాపాడాయి. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని సీసా సంగతంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ వంగి నా తల వాసన చూశారు.

"ఓలమ్మో! నీ తల ఫినాయిల్ కంపు కొడతంటే, పేలమందు రాస్తన్నావని ఊరుకున్నానే!" అన్నారు. నవ్వుతూనే పాపని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

మర్నాడు వంశధార ఒడ్డున మంగలి ముందు కూర్చుని మొక్కు చెల్లించుకున్నాను. "ఇంకేటి, నీకు షాంపూ గొడవే నేదు" అన్నారు అత్తగారు నా గుండు మీద గంధం రాస్తూ.

జుట్టు మళ్ళీ భుజాల దాకా పెరిగింది. షాంపూ ఇప్పుడు దాని సీసాలోనే, అందరికీ కనబడేచోట ఉంటుంది. వారానికే అయిపోతుంది. అయిపోనీ. పాప చెంబు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళినప్పుడు మాత్రం నేను చేస్తున్న పని వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడతాను. "నురగొచ్చిందేటే?" అని అడుగుతాను. "వచ్చీసింది పెద్దమ్మా" అని లోపలినుంచి వినబడేదాకా ఊపిరి ఆడదు.