లంగా తడవని సముద్రం

రేకు డబ్బా మూత తీయగానే, హోటళ్లలో ఉల్లిగడ్డలు నానబెట్టే పుల్లటి సిర్కా వాసన గుప్పుమంది. చిన్నాయన తీసిన ఒకే ఒక్క సినిమా లోపల పులిసిపోతోంది. ఎండలు ముదిరాయంటే ఈ డబ్బా నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

చిన్నప్పుడు నాంపల్లిలోని మా ఇంట్లో, వట్టివేళ్ల తడకల మీద నీళ్లు చల్లుతూ, మోచేతుల దాకా కారే తాటిముంజల నీళ్లు నాకుతూ, ఎలాగో మధ్యాహ్నాలు ఈడ్చేవాళ్లం. సరోజక్కకు పద్నాలుగేళ్లు, గుండె జబ్బు. రైలు ప్రయాణం వద్దంటే వద్దన్నాడు డాక్టరు. ఆమెకేమో ఒక్కటే ఆశ, సముద్రం చూడాలని.

అబిడ్స్‌లో ఫొటో స్టూడియోలో పనిచేసే చిన్నాయన, యజమానినడిగి సినిమా కెమెరా తెచ్చి ఒక ప్రయోగం తలపెట్టాడు. కరిగిన తారు చెప్పులకు అంటుకునే ఎండలో, పోస్టాఫీసు ముందు అక్కను నడిపించి తీశాడు. తర్వాత బందరు వెళ్లి అలలు తీసుకొచ్చి అతికిస్తే, అక్క అబిడ్స్ నుంచి నడుచుకుంటూ పోయి సముద్రం చేరినట్టుంటుందట. బందరుకు నన్ను వెంటబెట్టుకెళ్లాడు. గుమ్మంలో అక్క చెయ్యి ఊపుతుంటే నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే ఆగిపోతానని భయం.

తిరిగొచ్చి రీలు కడిగించాక, పట్టపగలే ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి గోడ మీద బొమ్మ వేశాడు. అబిడ్స్ రోడ్డు మీదికి అల వచ్చింది. రిక్షాలు, పోస్టాఫీసు మెట్లు, నడుము దాకా నీళ్లలో అక్క.

చిన్నాయన తల పట్టుకున్నాడు. "ఖరాబైందే సరోజా! వాడిన రీలే మల్ల ఎక్కించిన."

అక్క గోడ దగ్గరికి వెళ్లి నవ్వింది. "గట్లనే ఉండనీ చిన్నాయనా. జర చూడు, గిన్ని నీళ్లల్ల నడుస్తున్న, లంగ గూడ తడుస్తలేదు!"

సముద్రానికి పోయింది నేను, సముద్రంలో ఉన్నది తను. నాకు కుళ్లు పుట్టింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. తొలకరి పడకముందే అక్క పోయింది.

ఇప్పుడా స్టూడియో చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. రిక్షాలు లేవు, వట్టివేళ్ల తడకలు లేవు, చిన్నాయనా లేడు. అక్కడ రోడ్డు దాటుతుంటే మాత్రం మోకాళ్లకు తడి తగిలినట్టై కిందికి చూసుకుంటాను. పాత రీళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణంలో చివరికి డబ్బా ఇచ్చాను. దుకాణాయన రీలు ఎక్కించి చూసి, తెర నా వైపు తిప్పాడు.

"రెండు బొమ్మలు ఒకదాని మీదొకటి పడ్డయమ్మా. నీళ్లు తీసేస్తే పిల్ల సాఫ్‌గ కనవడ్తది. తీసెయ్యాల్నా?"

నీళ్లు తీసేస్తే అక్క మళ్లీ ఆ ఎండలో ఒక్కతే మిగిలిపోతుంది.

"వద్దు," అన్నాను. "గట్లనే ఉండనీ."