అక్క ఆపిన తడి

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా మహబూబాబాద్ గ్రంథాలయంలో నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే. ఆ గర్వం అక్కను ఎక్కడికి తీసుకుపోయిందో కూడా చెప్పాలి.

అక్కకు చిన్నప్పటి నుంచీ చక్కెర జబ్బు. గార్ల దగ్గర మిరప చేను చేసుకుంటూ, రోజూ ఇన్సులిన్ సూది వేసుకునేది. ఒక సాయంత్రం సైన్సు పత్రికలో చదివింది ఆమెకు చెప్పాను. మనిషి జన్యువును సూక్ష్మజీవిలో పెడితే అది మన ప్రోటీన్‌ను తయారుచేస్తుంది, నీ ఇన్సులిన్ అట్లా వచ్చిందే అన్నాను. ఇప్పుడు అదే పద్ధతిలో వేరే ప్రోటీన్లు చేసి, క్లోమంలో చచ్చిపోయిన ఇన్సులిన్ కణాలను తిరిగి మొలిపిస్తున్నారన్నాను.

"నాయి గూడ మొలుస్తయా తమ్మి?"

"మొలుస్తయక్కా. పుస్తకంల రాసిన్రు."

పక్కనే ఉన్న బావ నవ్వాడు. "నీ తమ్ముడు సదివి సదివి డాక్టరైండు. దవాఖాన ఎప్పుడు తెరుస్తడో అడుగు."

ఆ ప్రయోగం ఎలుకల మీద అని చివరి పేరాలో ఉంది. అది చెప్పలేదు. ఆమె ఆశ పోతుందని కాదు, బావ ముందు నా మాట చప్పబడుతుందని.

మూడో రోజు బావ ఫోన్ చేశాడు. అక్కకు ఆగని వాంతులు, ఆయాసం. ఆటోలో దవాఖానకు తీసుకుపోతూ, సూది వేసుకున్నావా అని అడిగాను.

"ఆపిన తమ్మి. నీళ్ల తడి ఆపితేనే గద మిరప వేరు లోపలికి దిగేది. పైనుంచి పోస్తాంటే లోపలియి ఎందుకు మొలుస్తయి?"

జోరుగా పోనివ్వమని ఆటో అతనికి చెప్పాను.

రెండు రోజులకు తేరుకుంది. డాక్టర్ మంచం పక్కన నిలబడి, "సూది ఆపమని ఎవరు చెప్పిన్రమ్మా?" అని గద్దించాడు.

అక్క నా వైపు చూడలేదు. "ఎవ్వలు చెప్పలే సారు. పనిల వడి మర్సిన."

"పానం మీదికొచ్చేదాక మర్సుడేంది? సోయి లేదా?"

ఆ తిట్లన్నీ ఆమె తలవంచుకుని పడింది. ఎప్పుడూ మాటలకు తడుముకోని నేను, గోడకు ఆనుకుని విన్నాను.

ఇంటికి వచ్చాక చివరి పేరా ఆమెకు చదివి వినిపించాను. ఇప్పుడు నేను గ్రంథాలయం నుంచి వచ్చినప్పుడల్లా, పొట్ట దగ్గర సూది పెట్టుకుంటూ అడుగుతుంది:

"ఎలుకలన్న మంచిగున్నయా తమ్మి?"