విమలమ్మ పంపిందంటే

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ని. ఇప్పుడు వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు మంచానికి అంటుకుపోయి పడుకోమంటే ఆ కోపం ఎక్కడికి పోతుంది? డయాలసిస్ మిషను మీద విసుక్కుంటాను. అది వినదు కాబట్టి టెక్నీషియన్ ప్రదీప్ కుమార్ మీద విసుక్కుంటాను. ఆయన పాపం వింటాడు.

అయినా నేను చెప్పబోయేది నా సంగతి కాదు, విమలకుమారి సంగతి.

విమలకుమారి కాశీబుగ్గలో బాప్టిస్టు చర్చి వెనక సందులో ఉంటుంది. పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో పప్పుకి పొట్టు తీసే పని. ఆమె భర్త అంద్రెయ మా వార్డులోనే నాలుగేళ్లు నెట్టుకొచ్చి పోయాడు. భర్త పోయాక ఆ మనిషికి డయాలసిస్ కేంద్రంతో పనేముంది? ఏమీ లేదు. కానీ జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడే వచ్చి గుమ్మంలో నిలబడి, "ఈయేళ ఎవులెవులు రాలేదు?" అని అడిగింది. ఆ వేళ రానివాళ్లు ఇద్దరు. ఇద్దరి ఇళ్లకీ వెళ్లి కనుక్కొచ్చింది. అప్పటినుంచి అదే ఆమె రెండో ఉద్యోగం. జీతం లేదు.

మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఉద్దానం ఊళ్లన్నిటినుంచీ అరవై ఒక్క మంది రోగులం. ఎవరి వంతు ఎప్పుడో, ఏ రోజు డాక్టరు వస్తాడో, పింఛను జాబితాలో ఎవరి పేరు ఉందో అన్నీ విమలకుమారే పెడుతుంది. సగంమందికి చదువు రాదు, అందుకని నోటితో చెప్పి ఆ గొంతే రికార్డు చేసి పంపుతుంది. జాబితాలు మాత్రం లింకులుగా వస్తాయి. వాటికోసం ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, వాళ్ల వేలు పట్టుకుని మరీ నేర్పింది. "నీలం రంగున కింద గీతుంటాది, సూడు. దాని మీద ఏలెట్టు. భయమేటి, నానే కదా పంపింది!"

నేర్పడానికి ఏడాది పట్టింది. మేం బాగా నేర్చుకున్నాం. విమలమ్మ పంపిందంటే చదవకుండానే నొక్కేసేటంత బాగా నేర్చుకున్నాం.

పోయిన ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఒక గురువారం. ఉదయం పదిన్నర. పదకొండు మంచాల మీద పదకొండుమందిమి. ఒక చెయ్యి మిషనుకి, ఒక చెయ్యి ఫోనుకి. అందరి ఫోన్లూ ఒక్కసారిగా కూశాయి. చూస్తే విమలకుమారి పేరు. 'కిడ్నీ పింఛను కొత్త జాబితా. చాలామంది పేర్లు తీసేశారు. మీ పేరు ఉందో లేదో ఈరోజే చూసుకోండి.' కింద నీలం గీత.

పేర్లు తీసేశారంటే మాలో ఎవరికి గుండె ఆగదు? నొక్కాను. జాబితా రాలేదు. ఏదో దించుకోమంది, సరే అన్నాను. మెసేజీలు చూడనిస్తావా అంది, సరే అన్నాను. ఇంకేదో అడిగింది, దానికీ సరే. క్లాసులో పిల్లవాడు ఒక్క గుర్తు తప్పు వేస్తే చెవి మెలిపెట్టిన వాణ్ని, ఆ వేళ ఒక్క ముక్క చదవలేదు.

బీపీ చూడడానికి వచ్చిన ప్రదీప్ కుమార్ కళ్లు నా ఫోను మీద పడ్డాయి. చేతిలోంచి లాక్కున్నాడు.

"సార్, ఇది లిస్టు కాదు. మీకు బ్యాంకునుంచి వచ్చే నంబర్లన్నీ ఇంకెవడో సదువుకుంటాడు. నెట్ ఆపీసినాను." వెంటనే వార్డంతా వినబడేలా అరిచాడు. "ఎవులూ నొక్కకండి! విమలమ్మ పంపింది కాదది!"

ఆ అరుపే కొంప ముంచింది. కంగారులో మూడో మంచం చిన్నతల్లి, సూదులున్న చేత్తోనే ఫోను అందుకోబోయింది. గొట్టం మెలిపడి ఆమె మిషను కుయ్యిమంది. ఆమెను చూసి పక్కాయన లేవబోయాడు. ఆయన మిషనూ మోగింది. మా ఒంట్లో నెత్తురు సగం గొట్టాల్లో తిరుగుతుంటే లేచి పరిగెత్తేదెక్కడికి? ప్రదీప్ కుమార్ ఒక మంచం దగ్గర గొట్టం సరిచేసి, ఇంకో మంచం దగ్గర ఫోను లాక్కుని, అలా పదకొండు మంచాలూ చుట్టాడు. ఇక్కడ పదకొండుమందిమే. బయట ఊళ్లలో ఇంకా యాభైమంది చేతుల్లో అదే నీలం గీత ఉంది.

విమలకుమారికి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తదు. ఎత్తదని మాకు తెలుసు. పొట్టు తీసేచోట ఫోన్లు పనికిరావు. సంచుల్లో పెట్టి గుమ్మం దగ్గర మేకులకి తగిలించేస్తారు, మళ్లీ అన్నం వేళకే తీస్తారు. ఆమె ఫోను మేకుకి వేలాడుతుంటే, ఆమె పేరు మాత్రం ఊరూరా తిరుగుతోంది. ఆటో ఎల్లాజీని పరిగెత్తించాం.

చీరంతా జీడి పొట్టుతో వచ్చింది. సంగతి చెప్పాం.

"నానేటీ పంపలేదు బాబూ. తొమ్మిదింటికి, పన్లోకెల్లకముందు టీ తాగినప్పుడు నాతో పనిచేసే ఆమె ఫోన్నించి నాకూ వచ్చినాది. నొక్కినాను. ఏటీ తెరుసుకోలేదు. సిగ్నల్ లేదనుకున్నాను."

ఆమె వాట్సాప్ ఆమెకే తెరుచుకోవడం లేదు. ఎవడో దాన్ని తన చేతిలోకి తీసుకుని, ఆమె పేరుతోనే ఉండుండి అదే లింకు మళ్లీ మళ్లీ పంపిస్తున్నాడు.

వార్డు మధ్యలో నేల మీద కూర్చుంది. ప్రదీప్ కుమార్ ఫోను తీసుకుంది, రిజిస్టరులో నంబర్లు చూసి ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టింది. "నాను విమలని. నా పేరు మీద వచ్చినది ముట్టకు. నొక్కీసినావా? లేదు కదా?" లేదన్నప్పుడల్లా పెదవులు కదిలేవి, ప్రార్థనేమో. ఎత్తని నంబరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి మళ్లీ చేసేది. మధ్యాహ్నం ఒంటిగంటకి చుక్కలన్నీ కొట్టేసింది. నాతో కలిపి నొక్కినవాళ్లు ముగ్గురు తేలారు. ప్రదీప్ కుమార్ సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పించి, బ్యాంకులకి చెప్పించి ఇద్దరి ఖాతాలు ఆపించగలిగాడు. కంచిలి వైపు ఉండే గౌరీశ్వరికి మాత్రం ఆ నెల పింఛను పోయింది.

గౌరీశ్వరి, "నువ్వు పంపినావనుకున్నాను విమలా" అంది, అంతే. తిట్టినా బాగుండేది. విమలకుమారి ఆ రాత్రి అన్నం ముట్టలేదని వాళ్ల సందులోవాళ్లు చెప్పారు.

రెండు రోజులకి ఆమె వాట్సాప్ ఆమెకి దక్కింది. ప్రదీప్ కుమార్ ఫోను శుభ్రం చేసి, ఇంకెవరూ దూరకుండా కొత్త పిన్ను పెట్టించాడు. ఆదివారం చర్చి విడిచాక గ్రూపులో గొంతు వినిపించింది. అంత కరుగ్గా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఇకనుంచి నా పేరు మీద ఏదొచ్చినా ముట్టకండి. రాతొచ్చినా, మాటొచ్చినా నమ్మకండి. నాకు ఫోను సేసి అడిగినాకే ఏదైనా."

బాగా గడ్డి పెట్టావమ్మా అని నేనే మెచ్చుకున్నాను. నా తెలివి అలాంటిది.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం మా కేంద్రంలో నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు ఆగిపోయింది. ఆ నీళ్లు లేకపోతే మిషన్లు ఉత్త ఇనుము. గురువారం పొద్దుటివాళ్లం పదకొండుమందిమీ టెక్కలి ఆసుపత్రికి వెళ్లాలన్నారు. తెల్లారి ఆరింటికి కాశీబుగ్గ జంక్షన్‌లో బండి. విమలకుమారి గ్రూపులో చెప్పింది. చెప్పిన అయిదు నిమిషాలకి ఆమె ఫోను మోగడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు. "నిజంగా నువ్వేనా?" నేనూ చేశాను. నవ్వుతూ, "నానే మేష్టారూ, ఇంకెవులు?" అంది. సాయంత్రానికి పదిమంది చేశారు. పదకొండోవాడు చేయలేదు.

పదకొండోవాడు తవిటయ్య. అక్కుపల్లి దగ్గర జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు ఉన్న రైతు. తెల్లవారుజామునే బయల్దేరి, బస్సు దిగి, అందరికంటే ముందు వచ్చి కూర్చునే మనిషి. అలాంటివాడు ఆ సోమవారం రాలేదు. వానకి దారి మునిగిపోయింది. అంటే అప్పటికే ఆరు రోజుల నీరు ఆయన ఒంట్లో ఉంది. ఆ సాయంత్రం కేంద్రానికి వెళ్లి ప్రదీప్ కుమార్ మొహం చూస్తే నాకు అర్థమైంది. "గురువారం గానీ తప్పితే ఊపిరితిత్తుల్లోకి ఎక్కీసుద్ది సార్" అన్నాడు.

విమలకుమారి తవిటయ్యకి రాత్రి దాకా ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు మాట పంపింది. తెల్లారి జంక్షన్‌లో బండి పావుగంట ఆపించింది. రాలేదు. పని మానుకుని, ప్రదీప్ కుమార్‌తో పాటు తనూ మాతో వచ్చింది. టెక్కలిలో మమ్మల్ని మంచాలెక్కించారు. ఒక మంచం ఖాళీ. ఆ మంచం కేసి చూసి ఆమె, "ఎల్లాజీ, ఆటో తియ్యి" అంది. బండిలో చోటు చాలక ఇద్దరు మా వెనక ఎల్లాజీ ఆటోలో వచ్చారు. అదే మంచిదయింది.

ఆ రెండు గంటలు నేను గడియారం చూస్తూనే ఉన్నాను. పదిహేనేళ్ల క్రితం ఇదే తవిటయ్య అయి ఉంటే ఆ దారి మునిగినా ఈదుకొచ్చేవాడు. ఇప్పుడు అరచెంబు నీళ్లు ఎక్కువ తాగినా ప్రాణం మీదికి వస్తుంది. నాకు విమలకుమారి మీద కోపం వచ్చింది, నా మీద వచ్చింది, ఆ లింకు పంపినవాడి మీద వచ్చింది. వాడు కనబడితే పీక పిసికేసేవాణ్ని. ఒక చెయ్యే ఖాళీ, అయినా సరిపోయేది.

తవిటయ్య ఎక్కడ దొరికాడో ఎల్లాజీ తర్వాత చెప్పాడు. తాళం వేసిన మా కేంద్రం మెట్ల మీద. ఏడింటినుంచి అక్కడే. పడుకుంటే ఊపిరాడక గోడకి వీపు ఆనించి కూర్చున్నాడట. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదట. చొక్కా జేబులో ఫోను ఉంది. విమలకుమారి దాన్ని చూసి ఏడ్చేసింది.

"ఫోనుంది కదా మావా! నిన్నట్నించీ సేత్తన్నాను. ఎందుకెత్తలేదు?"

"సూసినాను," అన్నాడట తవిటయ్య, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "నీ పేరే వచ్చినాది. నువ్వే సెప్పినావు కదమ్మా, నీ పేరు మీద ఏదొచ్చినా ముట్టొద్దని. ముట్టలేదు."

తొమ్మిదీ నలభైకి ఆయన్ని మోసుకొచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. సూదులు గుచ్చారు. పదకొండు దాటాక ఆయన ఛాతీ ఎగిరిపడడం తగ్గింది. పదకొండున్నరకి, "టిఫిన్ ఏటైనా ఉందా?" అన్నాడు. అప్పుడు ప్రదీప్ కుమార్ కూర్చున్నాడు.

విమలకుమారి మాత్రం కూర్చోలేదు. తవిటయ్య ఖాళీ చేతిలో ఆయన ఫోను పెట్టింది. తన ఫోను తీసి ఆయనకే చేసింది. ఫోను మోగింది. ఆయన పేరు చూశాడు, ఆమె కేసి చూశాడు. వేలు కదల్చలేదు.

"ఎత్తు మావా."

"ఎత్తొచ్చా?"

"మోగితే ఎత్తొచ్చు. గీతలే నొక్కొద్దు. మోగితే ఎత్తి నా గొంతు విను. నాను సరిగ్గా సెప్పలేదు. తప్పు నాదే."

ఎత్తాడు. మంచానికి మూరెడు దూరంలో నిలబడిన మనిషితో, చెవికి ఫోను ఆనించుకుని, చాలా అనుమానంగా, "అలో, ఎవులు?" అన్నాడు.

"నాను, విమలని."

తవిటయ్య ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. మాకెవరికీ నవ్వు రాలేదు.

"సరే, నువ్వేలే," అన్నాడు చివరికి. "సెప్పమ్మా, మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి?"

"సోమవారం. ఇక్కడికే, టెక్కలికే. ఆరింటికి కాశీబుగ్గ జంక్షన్‌లో బండి."

ఆయన ఆ మాటని ఫోనులోనే రెండుసార్లు తిరిగి అప్పజెప్పాడు.