సొన చేతులకు చేసిన యాప్

మొన్న నూజివీడులోని మా చిన్న ఆఫీసులో, కొత్తగా చేరిన పిల్లలకి ఎజైల్ అనే సాఫ్ట్‌వేర్ పని పద్ధతి విలువలు చెప్పమన్నారు. తెర మీద నాలుగే వాక్యాలు. లావుపాటి పత్రాల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ మిన్న అన్న వాక్యం దగ్గర ఆగాను. మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని మామిడికాయల షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్లకి పెద్ద. ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా పాడేదో, సోమవారం షెడ్డులో అంత గట్టిగా అరిచేది. పంపిన లోడులో కాయలు కుళ్లాయంటే యజమాని ఏరినవాళ్లనే తప్పుపట్టి పని మానిపించేవాడు. షెడ్డుకి వచ్చేటప్పటికే కాయలు దెబ్బతిని ఉంటున్నాయని చూపించడానికి ఓ యాప్ చేసిపెట్టమని పిన్ని నన్నడిగింది. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త, పొగరు మాత్రం పాతదే. ఎవరినీ ఏమీ అడక్కుండా హైదరాబాదులో కూర్చుని ఐదు వారాలు, ఆ యాప్ ఎలా ఉండాలో డెబ్భై పేజీల పత్రం రాశాను. బాణాలు, డబ్బాలు, విషయసూచిక, అబ్బో!

దాన్ని పట్టుకుని షెడ్డుకి వెళ్లేసరికి సీజను సగం అయిపోయింది. పిన్ని పక్కన కూర్చుని ఏరే వదిన (మాకు చుట్టం కాదు, షెడ్డులో అందరికీ వదినే) యజమాని అలాగే మానిపించడంతో అప్పటికే మూడు వారాలుగా పనిలేక ఇంట్లో ఉంది. పిన్ని నా పత్రం తెరవనైనా తెరవలేదు.

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతున్నావేంటే? వచ్చిన ట్రేకి ఫొటో తీసేది చేసివ్వు, చాలు," అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడే ట్రే బోర్లించుకుని కూర్చుని సాయంత్రానికి చేసిచ్చాను. రైతు పేరు చీటీ కాయల మీద పెట్టి తెర నొక్కితే ఫొటో, తేదీ పడతాయి. తీరా చూస్తే వాళ్ల చేతుల నిండా మామిడి సొన. వేలు అతుక్కుంటుందే గానీ ఫొటో రాదు. "మా చేతులు చూసి చెయ్యవే తల్లీ!" అంది పిన్ని. అందరూ ఒకటే నవ్వు. మర్నాటికి ఫోను పక్కనుండే సౌండు బటన్‌తో ఫొటో వచ్చేలా మార్చాను. వేలి కణుపుతో ఒక్క పొడుపు పొడిస్తే చాలు.

వారం తిరక్కుండా ఇంకో లోడు మీద గొడవైంది. పిన్ని ఫోను యజమాని ముందు పెట్టింది. ఫొటోల్లో చూస్తే, రైతు దగ్గర్నుంచి వచ్చి షెడ్డులో దించినప్పుడే కాయలు కమిలి ఉన్నాయి.

"వదినని ఏ లోడు మీద తీసేశారో, ఆ కాయలు మన దగ్గరికి ఎలా వచ్చాయో మీరు చూశారాండీ?" అంది.

ఆయన కాసేపు గొణిగి, చివరికి వదినకి కబురంపాడు. ఆవిడ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండమ్మా," అంది. నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

పిల్లలకి ఇదే చెప్పాను. ఒకమ్మాయి లాప్‌టాప్ మూసేసి, "మేడమ్, మనం ఇప్పుడు చేస్తున్న యాప్ చింతలపూడి రైతులకి కదండీ, రేపే వెళ్లి వాళ్ల దగ్గర కూర్చుందామా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మనం ఆలస్యం చేస్తే ఖర్చయ్యేది ఎదుటివాళ్ల కాలమని, నాకు తెలిసినంత ఆలస్యంగా ఆ పిల్లకి తెలియక్కర్లేదు.